గల్లంతైన ఆరు ఓంలు

మా వీరకేశవరం మున్సిపాలిటీలో నిశ్శబ్ద పక్షోత్సవాలు జరపాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆ సంగతి ఊరంతా అదిరిపోయేలా చాటాలన్న ఆలోచన మాత్రం మా కమిషనర్ చిదానందం గారి సొంతం.

చిదానందం గారు మంచి మనిషి. కాకపోతే ఎక్కడికి శిక్షణకి వెళ్లినా అక్కడ చెప్పింది చెప్పినట్టు నమ్మి తిరిగొస్తారు. ఈసారి శిక్షణలో ఎవరో ఆయనకి, ప్రజలకిచ్చే సందేశం చెవి దగ్గర ఆగిపోకూడదు, గుండెకి తగలాలి అని చెప్పి పంపారు. వచ్చీ రాగానే సిబ్బంది సమావేశం పెట్టారు.

"ఇంతకాలం మనం ప్రజల చెవులతో మాట్లాడాం. ఫలితం శూన్యం. ఇకమీదట ఛాతీలతో మాట్లాడాలి. శబ్ద కాలుష్యం వద్దు అన్న భావన పౌరుడి పక్కటెముకల్లో ప్రతిధ్వనించాలి" అన్నారు.

పక్కటెముకల దాకా వెళ్లే శబ్దం దేంట్లోంచి వస్తుందని ఎవరో అడిగారు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తాడు. వాళ్ల ఎదురింటి కుర్రాడి కారులో అలాంటిదేదో ఉందిట. ఆ కారు వీధి మలుపు తిరిగేసరికి వీళ్ల వంటింట్లో గిన్నెలు మోగుతాయిట. ఆ పెద్ద స్పీకరుని సబ్‌వూఫర్ అంటారని చెప్పాడు. చిదానందం గారు ఆ మాటని మూడుసార్లు పలికి చూసుకుని, వెంటనే మంజూరు చేశారు.

నేను అదే ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. పేరు గున్నేశ్వరరావు. ఫైళ్లు నా బల్ల మీంచే వెళతాయి కాబట్టి ఈ వ్యవహారమంతా దగ్గరుండి చూశాను. యాంప్లిఫయరు విద్యుత్ విభాగం కొంది. సబ్‌వూఫర్లు కొనడానికి ఆ విభాగానికి అధికారం లేదని తేలితే, గుండ్రంగా ఉన్నాయి కదా అని పారిశుధ్య విభాగం వాళ్ల 'డ్రమ్ములు, పీపాలు' పద్దు కింద కొనేశాం. ఒకరు కొన్నదేమిటో ఇంకొకరికి తెలియదు. సామానంతా వచ్చాక చూస్తే యాంప్లిఫయరు మీద రెండు ఓంలు అని రాసుంది. రెండు సబ్‌వూఫర్ల మీదా విడివిడిగా నాలుగేసి ఓంలు అని రాసుంది.

ఈ రెంటినీ కలిపి ఆఫీసు పాత జీపులో బిగించే పని హిమజ గారికి అప్పగించారు.

హిమజ గారు విద్యుత్ విభాగంలో అసిస్టెంట్ ఇంజినీరు. వీధి దీపాలు, నీళ్ల మోటార్లు అన్నీ ఆవిడ అజమాయిషీలోనే నడిచేవి. భర్త నంద్యాలలో కాలేజీ లెక్చరరు. రెండో తరగతి చదివే కూతురు అన్విత తండ్రి దగ్గరే ఉండేది. భార్యాభర్తలు ఒకచోట ఉండేలా బదిలీ చెయ్యమని ఆవిడ అర్జీలు పెట్టుకుంటూ ఉండేవారు, అవి ఎక్కడో ఆగిపోతూ ఉండేవి. సాయంత్రం ఆఫీసు అయిపోగానే వరండా చివర నిలబడి కూతురితో వీడియోలో మాట్లాడేవారు. ఆ కాసేపూ ఎవరమూ ఆ వైపు వెళ్లేవాళ్లం కాదు.

జీపుని బస్టాండు దగ్గర ఖాదర్ వలీ కారు డెకరేషన్ షాపుకి తీసుకెళ్లారు. ఫైలు మోసుకుని నేనూ వెళ్లాను.

"ఎలా కలపమంటారు మేడం? ఒకదాని వెనక ఒకటా, పక్కపక్కనా?" అని అడిగాడు ఖాదర్ వలీ.

"పక్కపక్కన. ప్లస్సులు రెండూ ఒకచోటికి, మైనస్సులు రెండూ ఒకచోటికి తెచ్చెయ్యి. అప్పుడు రెండు ఓంలవుతుంది. యాంప్లిఫయరుకి సరిగ్గా సరిపోతుంది."

"నేనూ అదే అనుకున్నాను మేడం."

నేను బీకాం చదువుకున్నవాణ్ని. నాలుగూ నాలుగూ కలిస్తే రెండు ఎలా అవుతుందని అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. ఓం అంటే కరెంటుకి ఎదురయ్యే అడ్డుకి కొలతట. సబ్‌వూఫర్లని ఒకదాని వెనక ఒకటి కలిపితే కరెంటు రెండు అడ్డులూ దాటాలి, అందుకని ఎనిమిది. అప్పుడు యాంప్లిఫయరు నీరసంగా పనిచేస్తుంది. పక్కపక్కన కలిపితే కరెంటుకి రెండు దారులు దొరుకుతాయి. ఒక దారి బదులు రెండున్నాయి కాబట్టి మొత్తం మీద అడ్డు సగమైపోతుంది. అందుకని రెండు. రెండుకన్నా తగ్గితే యాంప్లిఫయరు కాలిపోవచ్చు.

"సినిమా వదిలాక హాల్లో ఒక్క తలుపే తెరిస్తే తోపులాట. రెండు తలుపులు తెరిస్తే హాయిగా బయటపడతాం. అంతేనండీ" అన్నారు.

నాకు అర్థమైంది. అర్థమైనందుకు చాలా సంతోషించాను కూడా.

మర్నాడు ఆఫీసు ఆవరణలో పరీక్ష పెట్టారు. సబ్‌వూఫర్లలోంచి ముందు డప్పు మోత రావాలి, వెంటనే జీపు ముందున్న చిన్న స్పీకరులోంచి 'దయచేసి అనవసరంగా హారన్ మోగించకండి' అన్న ఆడగొంతు రావాలి. మీట నొక్కగానే డప్పు మోగింది. మోగింది అనడం కన్నా, భూమి ఒకసారి ఉలిక్కిపడింది అంటే బాగుంటుంది. జనన మరణాల విభాగం కిటికీ అద్దం పగిలింది. చెట్టు మీది కాకులు లేచిపోయి సాయంత్రం దాకా తిరిగి రాలేదు. పన్ను కట్టడానికొచ్చిన ఒక పెద్దాయన కట్టకుండానే వెళ్లిపోయాడు. ఆడగొంతు ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు.

చిదానందం గారు ఛాతీ మీద చెయ్యి వేసుకుని కళ్లు మూసుకున్నారు.

"తగిలింది" అన్నారు.

ప్రారంభోత్సవం ర్యాలీకి కలెక్టర్ గారే వస్తారని, అప్పటిదాకా ఆ వైర్ల జోలికి ఎవరూ వెళ్లకూడదని ఉత్తర్వులిచ్చారు.

ఆ వారంలోనే ఆడిట్ వచ్చింది.

ఆడిట్ ఆఫీసర్ పరాంకుశం గారి పేరు వింటేనే మా జిల్లాలో గుమాస్తాలకి దాహం వేస్తుంది. ఆఫీసు టీ తాగరు, ఇంటినుంచి ఫ్లాస్కు తెచ్చుకుంటారు. ఆఫీసు ఫ్యాను గాలి తన ఒంటికి తగలడం సబబేనా అని ఆలోచించే మనిషి. ఒకసారి మా చీపుర్ల కొనుగోలు చూస్తూ, చీపురుకీ చీపురుకీ పుల్లల్లో తేడా ఎందుకొచ్చిందని అడిగారు. ఆయన వచ్చి జీపు కాగితాలు చూశారు. జీపు చూశారు. హిమజ గారిని పిలిపించారు.

"కూర్చోమ్మా. జీపులో మొత్తం ఓంలు ఎన్ని అని రాశావు?"

"రెండు సార్."

"మనం కొన్నవి?"

"సబ్‌వూఫర్లు రెండు సార్. ఒక్కోటి నాలుగు ఓంలు."

"అంటే ఎనిమిది."

"విడివిడిగా చూస్తే అంతే సార్. కలిపాక రెండు."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మిగతా ఆరూ?"

"మిగతా అంటూ ఏం లేదు సార్. పక్కపక్కన కలిపితే తగ్గుతుంది."

"తగ్గినది ఎక్కడో ఒకచోట ఉండాలి కదమ్మా. నీళ్లు తగ్గితే ఇంకిపోయాయంటాం. బియ్యం తగ్గితే ఎలకలు తిన్నాయంటాం, దానికి సర్క్యులర్ కూడా ఉంది. ఓంలు తగ్గితే ఏమనాలి?"

హిమజ గారు సినిమా హాలు తలుపుల సంగతి చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నారు.

"బాగుంది. మరి రెండు తలుపులూ తెరిచినప్పుడు తలుపులు రెండూ ఉంటాయి కదా? రెండు తలుపులు తెరిస్తే అర తలుపు మిగలదు కదా?"

"తలుపులు అంటే ఓంలు కావు సార్. తోపులాట..."

"ప్రభుత్వం తోపులాట కొనలేదమ్మా" అన్నారు పరాంకుశం గారు, చాలా మృదువుగా.

సాయంత్రానికి అభ్యంతరం వచ్చింది. 'సదరు వాహనము నందు అమర్చబడిన ధ్వని పేటికల నిరోధము మొత్తము ఎనిమిది ఓంలు కాగా, స్థల పరిశీలనలో రెండు మాత్రమే కనబడినవి. తక్కిన ఆరు ఓంలు ఇతర కార్యాలయ అవసరములకు వినియోగింపబడినవా, అన్యాక్రాంతమైనవా, లేక ఎండకు ఆవిరైనవా అన్న విషయమై సంబంధిత అధికారి సంజాయిషీ సమర్పించవలెను. అంతవరకు వాహనము కదలరాదు.' జీపు తలుపులకి కాగితాలు అంటించి లక్క ముద్ర వేశారు.

చిదానందం గారు కంగారుపడి విచారణాధికారిగా నన్ను వేశారు. విచారణ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నేను ఖాదర్ వలీ షాపుకి వెళ్లాను.

"మా జీపు పని చేశాక ఓంలేమైనా మిగిలాయా?" అని అడిగాను. అడుగుతున్నప్పుడు నాకే సిగ్గేసింది, కానీ ఆడిట్ కాగితంలో ప్రశ్న అలాగే ఉంది.

అతను నా మొహం చూశాడు. లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చాడు. "వైరు ముక్కలూ, నాలుగు స్క్రూలూ మిగిలాయి సార్. ఇందులో ఉన్నాయేమో వెతుక్కోండి. ఉంటే తీసుకెళ్లండి, నాకెందుకు?"

కవరు తీసుకొచ్చి పరాంకుశం గారికి చూపించాను. ఆయన స్క్రూలని వెలుతురులో పెట్టి చూసి, ఇవి కావు అన్నారు. ఖాదర్ వలీ పాపం, ఎలక్ట్రానిక్స్ కొట్లోంచి ఆరు ఓంల అడ్డుండే రెసిస్టరు ఒకటి కొని పంపించాడు. అది కందిగింజంత కూడా లేదు. పరాంకుశం గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని, "పోయిన ఓంలు ఇవే అని గుర్తుపట్టేదెవరు?" అని అడిగారు.

ఇక పోలీసు ఫిర్యాదు తప్పదన్నారు. ఆడిట్ నియమాల్లో అలాగే ఉంది, ప్రభుత్వ ఆస్తి కనబడకపోతే స్టేషనులో చెప్పాలి. ఫిర్యాదుతో నేనే వెళ్లాను.

"ఆరు ఓంలా?" అన్నాడు హెడ్ కానిస్టేబులు, పెన్ను తీసి. "బంగారమా, వెండా?"

"రెండూ కాదండీ. అది కరెంటుకి సంబంధించింది."

"లైట్లు పెట్టినవా? గుళ్లమీద వెలుగుతూ ఆరుతూ ఉంటాయి, అలాంటివా?"

"కాదండీ. అవి కళ్లకి కనపడవు."

అతను చాలాసేపు ఆలోచించి, 'ఓం ఆకారములో గలవి, కంటికి కానరానివి, ఆరు' అని రాసుకున్నాడు. మర్నాడు స్థానిక పత్రికలో వార్త పడింది. పక్కవీధి భజన మండలి వాళ్లు ఆఫీసులో ఓం పోయిందని విని పరామర్శకి వచ్చి, కాసేపు కూర్చుని వెళ్లారు. పదకొండో వార్డు కౌన్సిలరు మాత్రం, ఓంల పంపిణీలో తమ వార్డుకి మొదట్నుంచీ అన్యాయమే జరుగుతోందని ఆఫీసు మెట్ల మీద బైఠాయించాడు.

ఇంత గొడవ మధ్యన హిమజ గారి బదిలీ ఉత్తర్వు వచ్చింది. నంద్యాలకే వచ్చింది.

నేనే ఆ కాగితం తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను. చదివి, రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను, కాని నవ్వుతున్నారు. తర్వాత కింది వాక్యం చదివారు. నెలాఖరులోగా పూర్తి బాధ్యతలు అప్పగించి రిలీవ్ కావాలి, లేకపోతే ఆ ఖాళీ తర్వాతివారికి పోతుంది. పూర్తి బాధ్యతలంటే ఆవిడ చేతికింద ఉన్న సామానంతా లెక్క తేలాలి. అందులో ఎనిమిది ఓంలు ఉన్నాయి.

ఆ సాయంత్రం వరండాలో ఆవిడ ఫోను మాట్లాడుతుంటే, దాటి వెళ్లాల్సొచ్చి విన్నాను.

"అమ్మా, నువ్వు ఓం పోగొట్టావా?" అని అడుగుతోంది అన్విత. "నాన్న చెప్పాడు. మా స్కూల్లో ప్రేయర్‌కి ముందు రోజూ అంటాం. నేను ఆరుసార్లు చెప్పనా? అప్పుడు వదిలేస్తారా నిన్ను?"

"చెప్పమ్మా" అన్నారు ఆవిడ. ఆ పిల్ల ఆరుసార్లూ చెప్పింది, ప్రతిసారీ ఊపిరి బాగా లాగి. హిమజ గారు ఫోను పెట్టేసి, నన్ను చూసి, గోడకి ఆనుకున్నారు.

"గున్నేశ్వరరావు గారూ, నేను తప్పు చేసి ఉంటే బాగుండేదండీ. ఒప్పుకుని, ఏ శిక్ష వేస్తే అది పడి వెళ్లిపోదును. లేనిదాన్ని ఎక్కణ్నుంచి తెచ్చివ్వను?"

నేను విచారణాధికారిని కదా, ధైర్యం చెప్పే అధికారం ఉందో లేదో నాకు తెలియలేదు.

మర్నాడు చిదానందం గారు ఆవిడని పిలిచి తన వంతు సాయం చేశారు. "ఎందుకమ్మా ఇంత బాధ? ఆడిటే దారి చూపించింది కదా. 'ఎండకు ఆవిరైనవి' అని రాసి సంతకం పెట్టు. ఈ ఏడు మన ఊళ్లో ఎండలు తీవ్రంగా ఉన్నమాట వాస్తవం. నేను ధృవీకరిస్తాను."

హిమజ గారు పెన్ను తీశారు. కాగితం మీద 'ఎండకు' అని రాశారు. అక్కడ ఆగిపోయారు. బయట ఆవిడ కింద పనిచేసే లైన్‌మెన్లు, మోటారు రిపేరుకొచ్చి, నిలబడి ఉన్నారు. వాళ్ల వైపోసారి చూసి, పెన్ను మూత పెట్టేశారు.

"రాయలేను సార్. నేను ఇంజినీర్ని. కావాలంటే నిజంగానే ఎనిమిది చేసి చూపిస్తాను. ఒకదాని వెనక ఒకటి కలిపితే ఎనిమిదే ఉంటుంది. అప్పుడు ఎవరూ అబద్ధం రాయక్కర్లేదు."

"శబ్దం?"

"బాగా తగ్గిపోతుంది సార్."

చిదానందం గారు కుర్చీలోంచి లేచారు. "ససేమిరా! కలెక్టర్ గారి ఛాతీకి తగలకపోతే ఈ కార్యక్రమానికి అర్థమేముంది?"

"జీపే గేటు దాటకపోతే ఎవరి ఛాతీకీ తగలదు కదా సార్."

ఆయన కిటికీలోంచి లక్క ముద్రలతో నిలబడ్డ జీపు వైపు చూశారు. ర్యాలీ రెండు రోజుల్లో ఉంది. ఆహ్వాన పత్రికలు పంచేశారు. నిట్టూర్చి, "ఎనిమిది చెయ్యండి" అన్నారు, ఎవరికో నివాళి అర్పిస్తున్నట్టు.

ర్యాలీ రోజు పొద్దున్నే పరాంకుశం గారి సమక్షంలో ముద్రలు తీశారు. ఖాదర్ వలీ వచ్చి ఒక సబ్‌వూఫరు మైనస్సుని రెండోదాని ప్లస్సుకి కలిపాడు. మిగిలిన రెండు కొసలకీ హిమజ గారు మీటరు పెట్టారు. అందరం వంగి చూశాం. ముల్లు ఏడుకి కాస్త ఇవతలే ఆగిపోయింది.

"ఇంకా లోటుందమ్మా" అన్నారు పరాంకుశం గారు. ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది.

హిమజ గారు నుదురు తుడుచుకున్నారు. "సార్, నాలుగు అనేది పాట మోగుతున్నప్పుడు సుమారుగా ఉండే అడ్డుకి పెట్టిన పేరు. మీటరు లోపలి తీగ అడ్డుని మాత్రమే కొలుస్తుంది. అది ఎప్పుడూ కొంచెం తక్కువే చూపిస్తుంది. ప్రపంచంలో ఏ సబ్‌వూఫరైనా ఇంతే."

"ప్రపంచం నా ఆడిట్ పరిధిలో లేదమ్మా. వీరకేశవరం ఉంది."

అప్పటికి పది కావస్తోంది. కలెక్టర్ గారు బయల్దేరారని ఫోనొచ్చింది. హిమజ గారి రిలీవింగ్ కాగితం సంతకం లేకుండా నా చేతిలో ఉంది. ఆవిడ మీటరు పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"గున్నేశ్వరరావు గారూ, స్టోర్సులో కాలింగ్ బెల్లుకి వాడే సన్న వైరుందా?"

పరిగెత్తాను. సామాను తీసుకున్నట్టు ఇండెంటు మీద నా సంతకం పడేసి వైరు పట్టుకొచ్చాను. సన్న వైరు పొడుగ్గా ఉంటే దానికీ కొంత అడ్డు ఉంటుందిట. దాన్ని రెండు సబ్‌వూఫర్ల మధ్యన కలిపి, కాస్త కాస్త కత్తిరిస్తూ మీటరు చూస్తూ పోయారు. ఎనిమిది దాటింది. కత్తిరించారు. ఇంకొంచెం కత్తిరించారు. ముల్లు సరిగ్గా ఎనిమిది మీదకొచ్చి నిలబడింది. అలా కలిపిన పొడుగాటి వైరునంతా చుట్ట చుట్టి సీటు కింద కట్టేశాడు ఖాదర్ వలీ.

పరాంకుశం గారు మీటరు దగ్గరికి వచ్చి, కళ్లజోడు లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ప్రజల ఓంలు ప్రజలకి చేరాయి" అన్నారు. అభ్యంతరం ఉపసంహరించుకున్నట్టు అక్కడికక్కడే రాసిచ్చారు.

ర్యాలీ మొదలైంది. ముందు జీపు, వెనక కలెక్టర్ గారు, పక్కన చెమటలు కక్కుతూ చిదానందం గారు, ఆ వెనక బడిపిల్లలు. మీట నొక్కితే డప్పు, పక్కింట్లో ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు, మెత్తగా మోగింది. చిదానందం గారు తల దించుకున్నారు. కాని దాని వెనకాలే ఆడగొంతు స్పష్టంగా వినిపించింది. 'దయచేసి అనవసరంగా హారన్ మోగించకండి. ఆసుపత్రి దగ్గర, బడి దగ్గర నెమ్మదిగా వెళ్లండి.' జీపేదో చెబుతోందని జనానికి తెలిసింది. దూరంగా ఉండి ఏం చెబుతోందో సరిగా పట్టుబడక, పండ్ల బళ్ల వాళ్లు అరుపులు ఆపారు. సెల్‌ఫోన్ల కొట్టువాడు బయట మోగుతున్న పాట కట్టేశాడు. ఆటోలు ఇంజన్లు ఆపి, డ్రైవర్లు తలలు బయటపెట్టి విన్నారు. మెయిన్ రోడ్డు మీద సైకిలు చైను చప్పుడు వినిపించడం నా సర్వీసులో అదే మొదలు.

కలెక్టర్ గారు ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నారు. "బాగుందండీ. నిశ్శబ్దం గురించి చెప్పడానికి అందరూ నాతో మైకుల్లో అరిపిస్తారు. మీరొక్కరే ఆలోచించారు."

"ఉద్దేశపూర్వకంగానే మేడం" అన్నారు చిదానందం గారు, ఆవిడకన్నా మెల్లగా. "శబ్దాన్ని శాస్త్రీయంగా నియంత్రించాం. ఎనిమిది ఓంలు వాడాం."

అన్ని మున్సిపాలిటీలూ ఇకమీదట ఎనిమిది ఓంలకి తగ్గకూడదని కలెక్టర్ గారి ఆఫీసునుంచి ఉత్తర్వు వెలువడింది. తక్కువున్న ఊళ్లు పొరుగు ఊళ్లనుంచి బదులు తెచ్చుకోవచ్చని అందులో వెసులుబాటు కూడా ఇచ్చారు.

హిమజ గారి కాగితం మీద సంతకం అయింది. ర్యాలీ అయిన మధ్యాహ్నమే ఆవిడ నంద్యాల బస్సెక్కడానికి బయల్దేరితే సామాను పట్టుకుని నేనూ వెళ్లాను. ఖాదర్ వలీ షాపులోంచి వచ్చి, పాపకిమ్మని రంగురంగుల లైట్లున్న బొమ్మ కారొకటి ఇచ్చాడు. బస్సు రావడానికి ఇంకా టైముందనగా ఎవరో ఎండలో గొడుగేసుకుని వస్తున్నారు. చూస్తే పరాంకుశం గారు.

హిమజ గారు సంచీని దగ్గరికి లాక్కున్నారు.

"భయపడకమ్మా. కాగితాలేం తేలేదు" అన్నారు ఆయన. గొడుగు ముడిచి పక్కన నిలబడ్డారు. "ఆ సినిమా హాలు తలుపుల ఉదాహరణ చాలా బాగుందమ్మా. నువ్వు చెప్పిన వెంటనే అర్థమైంది నాకు."

"అర్థమైందా సార్?" ఆవిడ సంచీ వదిలేశారు. "అప్పుడే?"

"మనిషిగా అర్థమైంది. ఆడిట్ ఆఫీసరుగా అర్థం చేసుకోవడానికి నాకు పవర్స్ లేవు. పై ఆఫీసుకి రాశాను, అర్థం చేసుకోవడానికి అనుమతి ఇప్పించమని. ఇంకా రాలేదు." తలవంచుకున్నారు. "ఈలోగా నీ నెలాఖరు దగ్గరపడిందని విన్నాను. నువ్వు ఆవిరి అని రాస్తావేమోనని భయపడ్డాను. రాస్తే ఒప్పుకోవాల్సొచ్చేది. నువ్వు రాయలేదు. నాకు చాలా సంతోషమేసింది."

హిమజ గారు ఆయన్ని కోపంగా చూశారు. ఆ కోపం ఎంతోసేపు నిలబడలేదు. పెదాలు బిగించి ఆపుకున్నారు కాని లాభం లేకపోయింది, ఫక్కున నవ్వేశారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. ఆయనా నవ్వారు. ఆయన పళ్లు నేను చూడటం అదే మొదటిసారి. బస్సొచ్చింది. ఆయన ఫ్లాస్కు మూతలో టీ పోసి ఆవిడకిచ్చారు. ఆవిడ తాగి, నమస్కారం పెట్టి, ఎక్కారు. బస్సు కదిలాక కూడా కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నారు, ఇంకో చేత్తో ఫోనులో కూతురికి బస్టాండు చూపిస్తూ.

బస్సు మలుపు తిరిగేదాకా పరాంకుశం గారు చెయ్యి ఊపారు. తర్వాత గొడుగు విప్పి, నా మీదికీ కాస్త నీడ వచ్చేలా పట్టుకుని, ఆప్యాయంగా అడిగారు.

"గున్నేశ్వరరావు గారూ, ఆ బెల్లు వైరు ఇండెంటు మీద సంతకం మీదే కదూ? స్టోర్సులోంచి తీసినప్పుడు అది బారున ఉంది. ఇప్పుడు సీటు కింద చూస్తే జానెడు చుట్ట. మిగతా పొడుగు ఏమైందండీ?"